తిమింగలం మోజులో పడ్డ అమ్మాయికి

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన నవల మొదటి భాగం అందాయి. ఉత్తరం రెండుసార్లు చదివాను, నవల ఒక్కసారే చదివాను. ఎందుకో కింద రాస్తాను. మధ్యలో కోపం వస్తే కాసేపు పక్కన పెట్టి మళ్లీ అందుకో, చించి పారేయకు.

ఉత్తరం నిండా 'మోబీ డిక్' గురించే రాశావు. హెర్మన్ మెల్విల్ అనే ఆయన 1851లో అచ్చేసిన పుస్తకం 2020ల్లో పోచంపల్లి పక్క ఊళ్లో ఉన్న పిల్లని నిద్రపోనివ్వలేదంటే నాకు భలే ముచ్చటేసింది. "అది చదివాక మిగతావన్నీ చప్పగా ఉన్నాయి సార్, నా కథలు నాకే ఇరుకైపోయాయి" అన్నావు. చేతిలో ఉన్న కథలన్నీ పక్కనపడేసి ఏడెనిమిది వందల పేజీల నవలకి కూర్చున్నానన్నావు. మీ ఫ్రెండ్సేమో "ఆ మత్తులోంచి బయటికి రావే" అంటున్నారట.

నేనైతే రమ్మనను. ఒక లావుపాటి పుస్తకం మనిషిని అంతలా పట్టుకోవడం జీవితంలో ఏ రెండు మూడుసార్లో జరుగుతుంది. కొందరికి అదీ జరగదు. పాపం, వాళ్లు కూడా రచయితలవుతారు, సభల్లో మాట్లాడతారు. నీకు జరిగింది కాబట్టి హాయిగా మునిగి ఉండు. అయితే ఆ పుస్తకాన్ని రాసిన మనిషి కూడా నీలాగే మునిగి ఉండి రాశాడన్న సంగతి చూశావా?

1849 ఫిబ్రవరిలో మెల్విల్ బోస్టన్‌లో ఉన్నాడు. వయసు ఇరవై తొమ్మిది. అప్పటికే ఓడల మీద తిరిగొచ్చిన కథలు రాసి పేరు తెచ్చుకున్నాడు. కళ్లు బలహీనం, చిన్న అక్షరాలు చదవలేడు. అలాంటివాడికి పెద్ద అక్షరాల షేక్‌స్పియర్ సంపుటాలు దొరికాయి. ఇన్నేళ్లు వీటిని చదవకుండా ఎలా బతికానా అని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం చూస్తే నీ ఉత్తరంలాగే ఉంటుంది, ఒంటి మీద స్పృహ లేనివాడి రాత. మరుసటి ఏడాది, 1850 వేసవికి, తిమింగలాల వేట మీద అతను రాస్తున్న పుస్తకం దాదాపు అయిపోయిందని స్నేహితులు అనుకున్నారు. ఆ ఆగస్టులోనే హాథార్న్ అనే తోటి నవలాకారుడితో పరిచయమైంది. అయిపోవచ్చిందనుకున్న పుస్తకం ఇంకో ఏడాది పట్టింది. బహుశా సరదాగా చదివేసుకునే సముద్రయాత్రలా మొదలైంది కాస్తా మనం చదివే ఈ వింత జంతువుగా మారిపోయింది. దాన్ని హాథార్న్‌కే అంకితమిచ్చాడు.

ఇక్కడ జాగ్రత్తగా చూడు. షేక్‌స్పియర్ మోజులో ఉన్నవాడు డెన్మార్క్ రాకుమారుల గురించి రాయలేదు, స్కాట్లండ్ కోటల జోలికీ పోలేదు. ఆ మాటల జోరునంతా తీసుకెళ్లి ఒంటికాలి ఓడ కెప్టెన్ నోట్లో పెట్టాడు. తిమింగలం కొవ్వు మరిగించి పీపాల్లో నింపి అమ్ముకునే ఓడ అది. జిడ్డు, పొగ, కంపు. అప్పటికి ఏ మహాకవీ అలాంటి చోటును కన్నెత్తి చూడలేదు. ఆ మాటల బరువుని అక్కడ దించొచ్చని అతనికి ఎందుకు తోచిందంటే, 1841 జనవరిలో అకుష్నెట్ అనే తిమింగలాల వేట ఓడ ఎక్కి, ఏడాదిన్నర పాటు చాకిరీ చేసి, పడలేక మార్కెసాస్ దీవుల్లో దూకి పారిపోయినవాడు కాబట్టి. తిమింగలాల ఓడే నా యేల్, నా హార్వర్డ్ అని నవల్లో కథకుడి చేత అనిపిస్తాడు కూడా.

ఇప్పుడు నీ పేజీల సంగతి. నీ నవల్లో ఓడ ఉంది. సరంగు ఉన్నాడు, ఒంటికన్ను వాడు. మొదటి అధ్యాయం నిఘంటువులా ఉంది, ఏడోది నాటకంలా ఉంది, పదకొండోది ఒకే ఒక్క వాక్యం. నీకు బంగాళాఖాతం గురించి తెలిసిందల్లా ఎవరైనా గూగుల్‌లో చూసుకోగలిగిందే, అది ప్రతి పేరాలోనూ కనబడిపోతోంది. అయినా నాకు ఎక్కువ చిరాకేసింది సముద్రం గురించి కాదు, నాటకంలా రాసిన ఆ అధ్యాయం గురించి. ఎందుకలా రాశావని అడిగితే నీ దగ్గర "మెల్విల్ రాశాడు కాబట్టి" అన్నది తప్ప ఇంకో జవాబు ఉండదు.

ఆయన ఎందుకు రాశాడో చూద్దాం. ఆ పుస్తకం తీసి 36 నుంచి 41 దాకా ఆరు అధ్యాయాలు వరసగా పెట్టుకో. 36లో ఆ ఒంటికాలి కెప్టెన్ ఏహబ్ ఓడలో అందర్నీ పిలిచి, ఓ బంగారు నాణెం స్తంభానికి మేకేసి కొట్టి, నా కాలు తీసుకెళ్లిన తెల్ల తిమింగలాన్ని ముందుగా చూసినవాడికి ఇది అంటాడు. కెప్టెన్ తర్వాతివాడు స్టార్‌బక్ ఒక్కడు మాత్రం ఎదురు చెబుతాడు. నీ పగ తీర్చుకుంటే మన ఓడ బయల్దేరిన నాన్టకెట్ బజార్లో ఎన్ని పీపాల నూనె వస్తుంది కెప్టెన్, అంటాడు. మిగతా అందరూ సారా తాగి ఒట్టేస్తారు. ఆ తర్వాత మూడు అధ్యాయాల్లో ఏహబ్, స్టార్‌బక్, అతని తర్వాతి అధికారి స్టబ్ ఒక్కొక్కరే తమలో తాము మాట్లాడుకుంటారు. నలభయ్యోది అర్ధరాత్రి తాగి చిందులేస్తున్న నావికుల గోల, పూర్తిగా నాటకం, పేరూ మాటా, పేరూ మాటా. అందులో మనవాడు కూడా ఒకడున్నాడు, గమనించావో లేదో. లస్కర్ నావికుడు బ్రహ్మ మీద ఒట్టేసి, గాలివాన వస్తుంటే గంగనీ శివుణ్ణీ తలుచుకుంటాడు. ఇంత గోలలో కథ చెబుతున్న ఇష్మాయిల్ ఏమయ్యాడు? లేడు. నాలుగు అధ్యాయాలుగా 'నేను' అన్న గొంతు వినబడదు. 41 మొదలవగానే తేలతాడు: నేనూ ఆ గుంపులో ఒకణ్ణే, నా కేకలూ వాళ్ల కేకల్లో కలిసిపోయాయి, నా ఒట్టూ వాళ్ల ఒట్టుతో పాటే పడింది అంటాడు.

ఒక మనిషి గుంపు ఆవేశంలో కొట్టుకుపోయి, ఎవరి గొంతు ఎవరిదో తెలియని స్థితికొచ్చి, తెల్లారి తల పైకెత్తి నేనేం చేశాను అనుకోవడం. ఇదంతా చెప్పాలంటే కథకుణ్ణి మాయం చెయ్యక తప్పదు. అందుకు నాటకం కావలసొచ్చింది. నీ ఏడో అధ్యాయంలో ఇద్దరు మనుషులు టీ తాగుతూ మాట్లాడుకున్నారు. దానికి నాటకం ఎందుకమ్మా?

అన్నిటికన్నా నన్ను మళ్లీ మళ్లీ తన దగ్గరికి పిలిచేది మాత్రం 60వ అధ్యాయం. దాన్ని నువ్వు ఉత్తరంలో "బోరింగ్ చాప్టర్లలో ఒకటి, అయినా నాకు నచ్చింది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. తాడు గురించిన అధ్యాయం. వేట పడవలో ఉండే తాడు మూడింట రెండు వంతుల అంగుళం మందం, రెండు వందల బారలకు పైగా పొడవు. జనపనారదా, మనీలా నారదా, ఏది గట్టిది, ఏది చూడ్డానికి బాగుంటుంది. దాన్ని తొట్టిలో చుట్టలుగా పేర్చడానికి కొందరు దాదాపు పూట మొత్తం పెడతారు, పైకి ఎత్తి కప్పీలోంచి కిందకి దించుతూ, ఎక్కడా మెలికన్నది లేకుండా. ఎందుకంత శ్రద్ధ? తిమింగలానికి పోటు పడగానే తాడు తొట్టిలోంచి బుస్సున లేచిపోతుంది. ఆ వేగంలో ఒక్క మెలిక ఉన్నా ఎవరి చెయ్యో, కాలో, మొత్తం మనిషో దాంతో పోతాడు. పైగా ఆ తాడు తొట్టిలోంచి తిన్నగా పోదు. పడవ వెనక్కి వెళ్లి, ఓ కొయ్యని చుట్టి, తెడ్డేసే ప్రతివాడి మణికట్టు పక్కనుంచీ సాగి ముక్కు దగ్గరికి పోతుంది. అంటే ఆరుగురూ ఆ తాడు మెలికల మధ్యే కూచుని జోకులేసుకుంటూ తెడ్లేస్తుంటారు. అక్కడ ఒక్క మాట అంటాడాయన: మనుషులందరూ బతికేది ఇలాంటి తాళ్ల మధ్యే, తటాలున చావు ముంచుకొచ్చినప్పుడే ఆ సంగతి తెలుస్తుంది, అని.

సరే, ఆ తాడు సంగతి మర్చిపోతాం. 93లో పిప్ అనే నల్లజాతి కుర్రాడు భయపడి పడవలోంచి దూకి ఆ తాట్లోనే చిక్కుకుంటాడు. మెడకీ ఛాతీకీ బిగుసుకుపోతుంది. తాడు కోస్తేగానీ బతకడు, కోస్తే తిమింగలం పోతుంది. కోస్తారు. స్టబ్ వాణ్ణి చీవాట్లేస్తూ, అలబామా సంతలో నువ్వు పలికే ధరకి ముప్ఫై రెట్లు పలుకుతుందిరా తిమింగలం, అంటాడు. బానిసల్ని అమ్ముతున్న దేశంలో, 1851లో అచ్చయిన వాక్యం అది. ఎక్కడా గొంతు పెంచడు. రెండోసారి దూకినప్పుడు వాణ్ణి నడిసముద్రంలో వదిలేసి పోతారు. వాడు బతుకుతాడు గానీ మతి పోతుంది.

చివరికి 135. ఏహబ్ బల్లెం విసురుతాడు. తాడు పరుగెడుతూ చిక్కుపడుతుంది. వంగి చిక్కు తీస్తాడు, తీయగలుగుతాడు కూడా. ఎగిరొచ్చిన ఒక చుట్ట మెడకి తగులుకుంటుంది. పడవలో వాళ్లకి తెలిసేలోపే మనిషి లేడు. అంతే. ఆరువందల పేజీలు మోసుకొచ్చిన మనిషి చావు ఒక్క వాక్యంలో, అరుపు కూడా లేకుండా అయిపోతుంది. ఆ వాక్యంలో తాడంటే ఏమిటో, ఎంత వేగమో, ఎలా తగులుకుంటుందో చెప్పే పని లేదు. డెబ్బై అయిదు అధ్యాయాల కిందట బోరు కొట్టించి మరీ చెప్పేశాడుగా! 60వ అధ్యాయం ఎత్తేసి చదివిన వాళ్లకి ఏహబ్ చావు ఏదో ప్రమాదంలా కనబడుతుంది. చదివినవాళ్లకి ఆ తాడు మొదట్నుంచీ అక్కడే ఉంది.

మధ్యలో ఉన్న ఆ తిమింగల శాస్త్రమంతా వదిలేసి కథ మాత్రం చదువుకోండి అని చెప్పే పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. మన తెలుగువాళ్లు కూడా ఈ మాటంటే నాకు నవ్వొస్తుంది. హరికథలో దాసుగారు సీతమ్మని అశోకవనంలో అలాగే కూచోబెట్టి పిట్టకథ ఎత్తుకుంటే రాత్రంతా విన్న జాతి మనది. పురం, సముద్రం, ఋతువులు, చంద్రోదయం అంటూ అష్టాదశ వర్ణనలు లేనిదే కావ్యమే కాదన్న లాక్షణికుల వారసులం. పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లో కథలో కథ పెట్టి, ముందు జరిగింది తర్వాత చెప్పి మెలికలు తిప్పితే 16వ శతాబ్దంలోనే సరేనన్నాం. కాబట్టి కథ ఆగిపోతోందన్న ఫిర్యాదు ఇంకెవరైనా చెయ్యొచ్చు. మనం అడగాల్సింది ఒకటే. దాసుగారు పిట్టకథలోంచి తిరిగొచ్చేటప్పుడు ఏదైనా చేతిలో పట్టుకొచ్చాడా, వట్టి చేతులతో వచ్చాడా?

అన్నట్టు, 82వ అధ్యాయంలో మన మత్స్యావతారం ఉంది చూశావా. వేటగాళ్ల ఘనత చెప్పడానికి పురాణాలన్నీ వెతుకుతూ, విష్ణుమూర్తి తిమింగలంగా అవతరించి నీళ్ల అడుగునున్న వేదాల్ని పైకి తెచ్చాడు కాబట్టి ఆయనా మావాడే అంటాడు. పోతన అష్టమస్కంధం చదివినవాళ్లు ముక్కు మీద వేలేసుకుంటారు గానీ, సరదా మనిషి. 55లో ఎలిఫెంటా గుహల్లోని శిల్పాన్ని కూడా, తోక సరిగ్గా లేదని తప్పుపడతాడు. ఈ పుస్తకంలో నవ్వు గురించి ఎవరూ చెప్పరెందుకో. నువ్వూ చెప్పలేదు. నీ నవల్లో అసలు నవ్వే లేదు.

ఇంకో సంగతి. పెద్ద నవలని ప్రేమించేవాళ్లు దాని లోపాల్ని కూడా నెత్తిన పెట్టుకుంటారు. మొదట్లో బల్కింగ్‌టన్ అని ఓ ఆజానుబాహువుని ఆర్భాటంగా ప్రవేశపెట్టి, వాడితో ఏం చెయ్యాలో తోచక కాబోలు, 23లో ఒకటిన్నర పేజీలో అద్భుతమైన వచనంతో వాణ్ణి సాగనంపేశాడు. ఇష్మాయిల్‌కి, బల్లెం విసిరే క్వీక్వెగ్‌కి కుదిరిన స్నేహం ఓడెక్కేదాకా ఎంత బాగుంటుంది! ఎక్కాక దాన్ని సగం మర్చిపోయాడు. కెప్టెన్ గదిలో ఒంటరిగా గొణుక్కున్నది ఇష్మాయిల్‌కి ఎలా వినబడిందో దేవుడికి తెలియాలి. నా పుస్తకాలన్నీ అతుకుల బొంతలే అని హాథార్న్‌కి రాసుకున్నాడాయన. ఆ లోపాలు ఆయన దారిలో పడ్డ గుంటలు. నువ్వు ఆ గుంటల్ని కొలతలు తీసుకుని నీ దారిలో తవ్వుకుంటున్నావు.

ఇక అసలు విషయం. నీ ఉత్తరంలో చివరి పేజీలో, సంతకం అయిపోయాక, అడ్డంగా నాలుగు వాక్యాలు గీకావు. అమ్మకి భుజం మళ్లీ లేవట్లేదని, చిన్నప్పట్నుంచీ నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోసీ పోసీ ఆ రెక్క అరిగిపోయిందని, ఇప్పుడు మెషీన్ వచ్చినా అమ్మ దాని పక్కన కూచుని చెయ్యి తనంతట తానే ఆడిస్తుంటుందని. నేను ఉత్తరం రెండోసారి చదివింది ఆ నాలుగు వాక్యాల కోసం. చెయ్యి తనంతట తానే ఆడడం! నీ నవల్లో ఉన్న సముద్రమంతా కలిపినా ఆ వాక్యానికి సరిపోదు.

ఇంత పుస్తకం చదివావు, 47వ అధ్యాయం గురించి ఒక్క ముక్క రాయలేదేం తల్లీ? మబ్బు పట్టిన మధ్యాహ్నం, ఓడలో ఎవరికీ పని లేదు. ఇష్మాయిల్, క్వీక్వెగ్ కూచుని పడవకి కట్టుకునే చాప ఒకటి నేస్తుంటారు. పడుగు దారాలు బిగించి ఉన్నాయి. ఇష్మాయిల్ చెయ్యే నాడె, పేక దారాన్ని అటూ ఇటూ పంపుతుంటాడు. క్వీక్వెగ్ పక్కన నిలబడి బరువైన ఓక్ చెక్క కత్తిని దారాల మధ్య దూర్చి, ఎటో చూస్తూ, పేకని కొడుతుంటాడు. ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా, ఒకసారి వంకరగా. ఆ దెబ్బ ఎలా పడితే గుడ్డ అలా వస్తుంది. ఇష్మాయిల్ ఆలోచనలో పడతాడు. కదలని పడుగు విధి. దానిలోంచి నా చేత్తో నేను పంపే పేక నా ఇష్టం. ఇటు చూడకుండా కొట్టే ఆ కత్తి దెబ్బ యాదృచ్ఛికం. మూడూ కలిసే నేత పడుతోంది అనుకుంటాడు. ఇంతలో స్తంభం మీంచి తిమింగలం కనబడిందని కేక. చేతిలోని దారపుండ కింద పడిపోతుంది.

దీని మీద పండితులు బోలెడు రాశారు. వాళ్లలో ఎంతమంది గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూచుని ఉంటారు? నువ్వు కూచున్నావు. పడుగు కదలదని మెల్విల్ అంటే, పడుగు మీద రంగు పడక ముందే బొమ్మంతా లెక్క కట్టి, రంగు అంటకూడని చోటల్లా దారానికి చిటికి కట్టేసే ఇంటి పిల్లవి నువ్వు. మీ నేతలో నేసేవాడు కూర్చునేసరికే చీరలో ఏ పువ్వు ఎక్కడ పడాలో దారానికి తెలుసు. నేసేవాడి పని ఆ పువ్వు అంచుల్ని జారిపోకుండా పట్టుకోవడం. ఎంత పట్టుకున్నా అంచు దగ్గర రంగు కాస్త చెదురుతుంది, ఆ చెదరడమే పోచంపల్లి. మరి విధి ఎక్కడుంది, మన ఇష్టం ఎక్కడుంది? ఇష్మాయిల్‌తో నీకు పేచీ రావాలి కదా. ఆ పేచీ నువ్వు పడితే అది ఎవరూ రాయని అధ్యాయం. ఇంగ్లీషులోనూ లేదు, తెలుగులోనూ లేదు.

102 కూడా మళ్లీ చదువు. ఓ దీవిలో తిమింగలం అస్థిపంజరానికి తీగలల్లుకుని పచ్చగా పెరుగుతుంటే దాన్ని మగ్గంగా చూస్తాడు. నేసే దేవుడు నేతచప్పుడికి చెవిటివాడై మన మాట వినడు. ఆ చప్పుడు దగ్గరున్న మనకీ ఏమీ వినబడదు, మగ్గం దగ్గర్నుంచి బయటికొస్తేనే లోపలి మాటలు వినబడతాయి అంటాడు. మీ ఇంట్లో నాలుగు మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారు? కళ్లతోనా, అరిచా, మగ్గం ఆపా? ఏ మాటకి మగ్గం ఆపుతారు, ఏ మాటకి ఆపరు? నాకు తెలీదు. నీకు తెలుసు.

దీన్నిబట్టి సొంత అనుభవమే రాయాలి, తెలిసిందే రాయాలి అని నేనంటున్నానని అనుకోకు. ఆ సలహా సగం మందిని పాడుచేసింది. 'మోబీ డిక్'లో నాన్టకెట్ దీవి మీద ఓ అధ్యాయం ఉంది కదా, అంత ప్రేమగా రాసిన ఆ ఊళ్లో మెల్విల్ మొదటిసారి అడుగు పెట్టింది నవల అచ్చయిన మరుసటి ఏడాది, 1852లో. తిమింగలాల శాస్త్రమంతా బీల్, స్కోర్స్‌బీ రాసిన పుస్తకాల్లోంచి ఎత్తుకొచ్చి తన మాటల్లో ఆడించాడు. 1820లో ఓ తిమింగలం ఢీకొట్టి ఎసెక్స్ ఓడని ముంచేసిన కథ, బతికి బయటపడ్డ ఓవెన్ చేజ్ రాసుకున్నది, అదీ చదివాడు. చేజ్ కొడుకే సముద్రం మీద ఎదురై ఆ పుస్తకం చేతికిచ్చాడట. చేతిలో ఉన్న చాకిరీకి ఈ పుస్తకాలన్నీ తోడయ్యాయి. చాకిరీ లేకపోతే అవి వట్టి ఎత్తుకొచ్చిన సరుకు. పుస్తకాలు లేకపోతే ఆ చాకిరీ ఓ కుర్రాడి సాహసగాథ.

కాబట్టి నువ్వూ చదవాలి. తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకి ఎలా వెళ్లేవి, నూనె పట్టించిన ఆ దారం వాసన వాళ్లకెందుకు నచ్చింది. మీ ఊరి సొసైటీ పాత లెడ్జర్లు ఎవరి బీరువాలో ఉన్నాయి. పోచంపల్లి ఇక్కత్‌కి జీఐ అనే భౌగోళిక గుర్తింపు వచ్చిన 2005 తర్వాత మీ వీధిలో ఏం మారింది, ఏం మారలేదు. చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ ఇచ్చారు, ఇది అందరికీ తెలిసిన కథ. యంత్రం వచ్చిన మర్నాడు పొద్దున్న ఆ వీధిలో ఆడవాళ్లు ఖాళీ అయిన చేతుల్ని ఏం చేసుకున్నారన్నది మాత్రం ఎవరూ రాయలేదు. మీ అమ్మగారి దగ్గర కూచుని అడుగు. రికార్డు చేసుకోకు, ఫోన్ చూస్తే ఆవిడ టీవీ వాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడతారు.

ఏడెనిమిది వందల పేజీలని ముందే అనుకోవడం మానెయ్. పేజీలు లెక్క పెట్టుకుని నవలకి కూచునేది పోటీలకి రాసేవాళ్లు. నీకు చెప్పాల్సింది నూట ఇరవై పేజీల్లో అయిపోతే అది నూట ఇరవై పేజీల నవల. ఆసు మీద పది పేజీలు కథ ఆపి రాయాల్సి వస్తే రాయి. ఆ పది పేజీలకి తర్వాత ఎక్కడో ఒకచోట పని పడాలి, అంతే నా షరతు.

మెల్విల్‌ని బతికుండగా ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి నన్నూ పట్టించుకోకపోయినా ఫర్వాలేదు అని రాశావు. ఆ మాట నాకు నచ్చలేదు. నిజమే, అమెరికాలో ఆ నవల ఆయన జీవితకాలంలో మూడు వేల చిల్లర ప్రతులే అమ్ముడయ్యాయి. లండన్‌లో మూడు సంపుటాలుగా ముందే వచ్చిన ప్రతిలో, ఇష్మాయిల్ ఒక్కడే బతికాడని చెప్పే చివరిమాట ఎగిరిపోయింది, అందరూ చచ్చాక ఈ కథ ఎవడు చెబుతున్నాడయ్యా అని సమీక్షకులు వెక్కిరించారు. 1853లో ప్రచురణకర్తల గోడౌన్ తగలబడి మిగిలిన కాపీలు బూడిదయ్యాయి. తర్వాత న్యూయార్క్ కస్టమ్స్‌లో 19 ఏళ్లు ఉద్యోగం చేసుకుని, 1891లో పోయాడు. మళ్లీ జనం ఆయన్ని వెతికి పట్టుకునేసరికి 1920లు వచ్చాయి. ఇదంతా ఆయనకి జరిగిన అన్యాయం. అమ్ముడుపోని ప్రతి రచయితా దీన్ని తన జేబులో పెట్టుకుని తిరుగుతుంటాడు. నువ్వు ఇంకా ఒక్క పుస్తకం కూడా వెయ్యలేదు. అప్పుడే ఆ జాబితాలో పేరు రాయించుకోకు.

నవల ప్రతి తిరిగి పంపుతున్నాను. మార్జిన్లలో పెన్సిల్‌తో రాసినవి చూడు. 34వ పేజీలో సరంగు భార్య గిన్నెలు తోమే చోట పక్కన టిక్కు పెట్టాను, అది మీ అమ్మే కదా, దాచలేకపోయావు. ఆ పేరా దాచుకో, మిగతాది ప్రస్తుతానికి అటక మీద పెట్టు. సంక్రాంతికి నేను హైదరాబాద్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటాను. వచ్చేటప్పుడు ఆసు మీద రాసింది ఎంతుంటే అంత పట్టుకురా, నాలుగు పేజీలైనా సరే. కంప్యూటర్లో కొడితే మాత్రం అక్షరాలు పెద్దవి పెట్టించు, నా కళ్లు ఈమధ్య బొత్తిగా మాట వినడం లేదు. అమ్మగారి భుజానికి డాక్టరుకి చూపించారా లేదా అన్నది కూడా రాయలేదు. అది ముందు చూడు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు